నడిమి స్తంభాలు

అబ్బులూ, నా కొడుకా, నిన్ను పొట్టన పెట్టుకున్న రాజోలు పడవల రేవు సావడిని మళ్లీ కడుతున్నారు. ఇవాళ దొరగారు చూడటానికి వస్తే నేనూ వెళ్లాను. కప్పు ఎందుకు కూలిందని ఆయన అడిగారు.

“పిల్లోడు వాసాలు సరిగ్గా కట్టలేదండీ,” అన్నాడు మేస్త్రీ. నా తోడబుట్టిన తమ్ముడే, నీ మేనమామే ఆ మాటన్నాడు. దొరగారు తల ఊపి పడవెక్కారు.

జనం కూర్చోడానికి అడ్డమని నడిమి స్తంభాలు వద్దన్నది తమ్ముడే. లేత తాడి దూలం అంత బరువు ఆపదని నువ్వు చెప్పినా వినలేదు.

“మరి ఈసారి నడుమ స్తంభాలెందుకు పాతించేవురా?” అన్నాను.

“పోయినోడికి మాటొస్తే ఏం పోద్ది అక్కా? నాకొస్తే పని పోద్ది.”

పోయినవాడికి మంచిపేరు అక్కర్లేదా, నువ్వే చెప్పు నాయనా. తమ్ముడింట్లో నేనిక చెయ్యి కడగను. నువ్వు మాత్రం అక్కడ వేళకి కడుపునిండా తిను.