గంటన్నర సేటు

2023 ఎండాకాలం. హనుమకొండలో నేను పనిచేసే ఈతకొలను దగ్గర ఉదయం బ్యాచ్ అప్పుడే ముగిసింది. పిల్లలకు ఈత నేర్పడం నా ఉద్యోగం, పెద్దవాళ్ళకు నేర్పడం నా ఖర్మ. పిల్లలకు నీళ్ళంటే భయం ఉంటుంది, అది పోగానే ఈదుతారు. పెద్దవాళ్ళు నీళ్ళలో దిగకముందే నాకు సలహాలు చెబుతారు. వ్యాయామ విద్యలో పీజీ చేసి ఇరవై ఏళ్ళుగా ఈ గట్టు మీద నిలబడి అరుస్తున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. కొన్నేళ్ళుగా ట్రయథ్లాన్‌కు తయారయ్యేవాళ్ళకు కూడా శిక్షణ ఇస్తున్నాను. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి. మధ్యలో మనం ఆగినా గడియారం ఆగదు. మొదటిసారి వచ్చేవాళ్ళందరూ ఈ చివరి ముక్కే మర్చిపోతారు.

ఆ రోజు తల తుడుచుకుంటూ నా ముందుకు వచ్చినాయన నాగభూషణం సేటు. వరంగల్ బజారులో తువ్వాళ్ళు, లుంగీలు, జాకెట్ ముక్కలు అమ్మే దుకాణం ఆయనది. యాభై దాటాయి. ముప్పై ఏళ్ళు గద్దె మీద నుంచి కదలని మనిషి, షుగర్ వచ్చిందని డాక్టర్ నడవమంటే నడిచాడు. నడక విసుగొచ్చి సైకిలెక్కాడు. కిందటి ఏడాది నా దగ్గర ఈత నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఒకరోజు ఆయన అన్న మాట నాకు బాగా నచ్చింది. “నీళ్ళల ఉన్నంతసేపు నన్ను ఎవ్వరు ధర అడగరు మేడం. పానం హాయిగుంటది.”

అలాంటి మనిషి ఇప్పుడు కొత్త మాట ఎత్తాడు.

“చలికాలంల హైదరాబాద్ దగ్గర ట్రయథ్లాన్ ఉన్నదంట మేడం. పేరిచ్చిన. గంటన్నరల కొడత.”

అది స్ప్రింట్ అనే చిన్న రకం. ఏడువందల యాభై మీటర్ల ఈత, ఇరవై కిలోమీటర్ల సైకిల్, ఐదు కిలోమీటర్ల పరుగు. కటాఫ్ రెండున్నర గంటలు, అంటే ఆ లోపు రానివాళ్ళకు మెడల్ లేదు.

“గంటన్నర అని ఎవరు చెప్పిండ్రు సేటు?”

“లెక్క చెప్పింది. ఈత పద్దెనిమిది నిమిషాలు, సైకిల్ నలభై, పరుగు ముప్పై రెండు. మీరే కూడుండ్రి.”

నేను కూడలేదు. ఆ మూడు అంకెలూ మూడు వేరు వేరు రోజులవి. ఒక్కొక్కటీ రాత్రి బాగా నిద్రపోయి, పొద్దున ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజు సాధించినది. మూడింటినీ కలిపి ఒక్క రోజు కూడా చేయలేదు. పైగా ట్రాన్సిషన్ సంగతే లేదు. నీళ్ళలోంచి వచ్చి సైకిల్‌కు, సైకిల్ దిగి పరుగుకు మారే సమయాన్ని అలా అంటాం. అదీ గడియారంలో కలుస్తుంది.

“తడి చెడ్డీతోని సైకిల్ మీదికి ఎగిరి దుంకుతరా?” అన్నాను. “రెండు గంటలకు తక్కువ కాదు సేటు. రెండుంబావు అనుకోండి.”

పట్టుచీరను సగం ధరకు అడిగిన గిరాకిని చూసినట్టు చూశాడు నన్ను.

“గట్ల కాదు మేడం. గంటా నలభై చేసుకుందాం.”

“ఇది లుంగీ కాదు, బేరమాడనీకి.”

“సరే, మీ మాట కాదు, నా మాట కాదు. గంటా నలభై ఐదు.”

పదిహేను రోజులు ఇదే బేరం. ఇంత మొండితనం ఎందుకో తర్వాత తెలిసింది. ఎదురు దుకాణం నడిపే చంద్రమౌళి, మన సేటుకు చిన్ననాటి దోస్తు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. “నువ్వు గద్దె దిగుడే ఎక్కువ బావా” అని అతడు నవ్వితే, సేటు పదిమందిలో పంతానికి పోయాడు. “గంటన్నర. ఒక్క నిమిషం దాటినా వారం దినాలు నీ దుకాణంల నేనే చాయ్ పోస్త.” ఆ రోజు నుంచి బజారంతా ఆయన్ను గంటన్నర సేటు అనడం మొదలుపెట్టింది. ఆ పేరు ఆయనకు నచ్చింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

వానలు తగ్గాక ధర్మసాగర్ రోడ్డు మీద బ్రిక్ సెషన్ పెట్టాను. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తడాన్ని అలా అంటారు. బ్రిక్ అంటే ఇటుక. ఆ పేరెందుకు వచ్చిందో సైకిల్ దిగిన కాళ్ళకే తెలుస్తుంది. సేటు సైకిల్ తొక్కుతుంటే నేను స్కూటీ మీద పక్కనే వెళ్తున్నాను.

“మెల్లగ సేటూ! పరుగుకు కాళ్ళు మిగలవు!”

“గిరాకి ఉన్నప్పుడు దుకాణం మూస్తరా మేడం?”

నలభై నిమిషాల్లోనే కొట్టాడు. కాదనను. దిగి పరుగు మొదలుపెట్టాక కిలోమీటరు కూడా కాలేదు, రెండు పిక్కలూ పట్టేశాయి. రోడ్డు పక్కన కూలబడ్డాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించి, పిక్కలు రుద్ది, ఇంటికి ఫోన్ చేశాను. ఆయన భార్య సువర్ణ ఆటోలో వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన్ను చూసింది, తర్వాత నన్ను చూసింది.

“మేడం, ఈయనను ఇంకొక్కసారి గిట్ల రోడ్డు మీద సూసిన్నంటే సైకిల్ ఎవలకన్న ఇచ్చేస్త. ఈత గూడ బందే.”

ఉత్త బెదిరింపు కాదని గొంతు వింటేనే తెలిసింది. ఆటోలో కాళ్ళు చాపుకుని పడుకున్న సేటు కళ్ళు తెరిచి, “మేడం, గంటా యాభై?” అన్నాడు.

“నోరు ముయ్యండి” అన్నాను. పెద్దమనిషిని అనాల్సిన మాట కాదు, అయినా అన్నాను.

ఆ గంటన్నర ఆయన తలలో ఉన్నంతకాలం పోటీ రోజు కూడా కాళ్ళ సత్తువంతా సైకిల్ మీదే పోగొట్టుకుంటాడు. పరుగులో కూలబడతాడు. దాంతో సువర్ణ అన్నంత పనీ చేస్తుంది. ముప్పై ఏళ్ళ తర్వాత దుకాణం బయట దొరికిన ఒక్క సంతోషం ఒక అంకె కోసం పోతుంది. నా బాధ అది.

రెండు రోజులాగి దుకాణానికి వెళ్ళాను. దారి పొడవునా వాదనలు సిద్ధం చేసుకున్నాను. అప్పుడే షట్టర్ ఎత్తి, సేటు అగరుబత్తి వెలిగిస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపు ఒక ముసలామె ఖాళీ కూరగాయల గంప చంకన పెట్టుకుని వచ్చి తువ్వాల అడిగింది. ఆమె చెప్పిన ధర వింటే నాకే కోపం వచ్చింది. సేటు మాత్రం ఒక్క మాట అనకుండా తువ్వాల మడిచి చేతిలో పెట్టాడు. ఆమె ఇచ్చిన పైసలు కళ్ళకద్దుకున్నాడు. ముసలామె నవ్వుతూ పోయింది.

“అసలన్నా వచ్చిందా సేటు?”

“రాకపోతే రాకపాయె. బోణీ కద మేడం! పొద్దుగాల మొదటి గిరాకిని ఒట్టి చేతులతోని పంపిస్తమా? బోణీల లాభం సూడరు. బేరం కుదరాలె, మనిషి నవ్వుకుంట పోవాలె. గంతే. లాభం సంగతి రెండో గిరాకికెల్లి.”

నేను తెచ్చుకున్న వాదనలన్నీ పక్కన పెట్టేశాను.

“మరి ఇది మీకు ఎన్నో ట్రయథ్లాన్ సేటు?”

“మొదటిదే.”

“బోణీల లాభం సూడరంటిరి. మరి గంటన్నర ఎందుకు సూస్తాండ్రు?”

ఎదురు దుకాణంలో చంద్రమౌళి చెవులు ఇటే పెట్టినట్టున్నాడు, పగలబడి నవ్వాడు. “మేడం ఒక్క మాటల బేరం తెంపింది బావా!”

“గీ మాట ముందుగాల్నే చెప్పకపోతిరి మేడం” అన్నాడు సేటు. “గిన్ని రోజులు ఉత్తగనే కొట్లాడినం.” తర్వాత ఎదుటి వైపు తిరిగి, “చాయ్ వారం కాదు బావా, రెండు దినాలు” అన్నాడు. చంద్రమౌళి ఒప్పుకోలేదు.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. మంచి రోజుల అంకెలు తీసేసి, ఒళ్ళు బరువుగా ఉన్న రోజుల అంకెలు పెట్టుకున్నాం. సైకిల్ మీద నాతో మాట్లాడగలిగినంత వేగమే వేగం అన్నాను. ఆయనకు మాట్లాడటం ఇష్టం కాబట్టి అదీ కుదిరింది. ఇక ట్రాన్సిషన్ సాధన. కొలను పక్కన చాప పరిచి, బట్టలన్నీ దుకాణంలో సర్దినట్టు వరసగా పెట్టాడు. నీళ్ళలోంచి వచ్చాడు, తుడుచుకున్నాడు, సాక్సులు, బూట్లు వేసుకున్నాడు. నేను మెచ్చుకోబోయేంతలో సంచిలోంచి దువ్వెన తీసి పాపిడి తీశాడు. తీసి, దాని మీద హెల్మెట్ పెట్టుకున్నాడు.

“సేటూ! హెల్మెట్ కింద పాపిడి ఎవరు సూస్తరు?”

“గద్దె మీద కూసునేటోన్ని మేడం. తల చెదిరినంక నలుగురి ముందలికి ఎట్ల పోత?”

దువ్వెన గుంజుకున్నాను. మర్నాడు ఇంకొకటి వచ్చింది. అదీ గుంజుకుంటే ఇంకొకటి వచ్చింది. వాదనలో నేను ఓడిపోవడం అరుదు, ఇందులో మాత్రం ఓడిపోయాను. ఎవరికీ చేయని పని ఆయనకు చేశాను. లక్ష్యంలో దువ్వెనకు ఒక నిమిషం కలిపాను. అన్నీ కుదిరితే రెండు గంటలు, మామూలుగా అయితే రెండుంబావు, ఏదేమైనా ముగింపు గేటు దాటేటప్పుడు నవ్వు ముఖం. ఆ చివరిది సేటే చేర్చాడు.

పోటీ రోజు బజారు నుంచి ఒక వ్యాను నిండా జనం దిగారు. చంద్రమౌళి పెద్ద గిన్నెలో పులిహోర తెచ్చాడు. ఈత పోటీ అక్కడి కొలనులోనే. ఎవరి కాలో తగిలి సేటు ఈత కళ్ళద్దాలు ఊడి, చివరి వాళ్ళలో బయటికొచ్చాడు. ఆ పోయిన సమయం సైకిల్ మీద రాబట్టుకుందామని చూస్తాడేమో! సేటు తాపీగా తుడుచుకున్నాడు, దువ్వెన తీశాడు. బజారు జనం ఈలలు వేశారు. దువ్వెన చూశాక నాకు ధైర్యం వచ్చింది.

సైకిల్ మీద నా ముందు నుంచి పోతుంటే అరిచాను. “ధర పెంచకుండ్రి సేటూ!”

“పెంచుతలేను మేడం!”

పరుగు చివర్లో మనిషి బాగా అలిసిపోయాడు, కానీ కాళ్ళు ఆడుతున్నాయి. అప్పటిదాకా గొడుగు పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డ సువర్ణ గొడుగు నా చేతికిచ్చి, కొంగు నడుముకు చుట్టి, కంచె వెంబడి ఉరికింది. “జల్ది రావయ్యా! పులిహోర అయిపోతాంది!”

సేటుకు నవ్వాగలేదు. నవ్వుతూనే గేటు దాటాడు. రెండు గంటల ఏడు నిమిషాలు. ఊపిరి అందగానే చంద్రమౌళి కోసం చూశాడు. “దాటింది బావా. గ్లాసులు కడిగి పెట్టు.”

అన్నట్టే వారం రోజులు చాయ్ పోశాడు. మెడల్ వేసుకుని మరీ. చూడ్డానికి వచ్చినవాళ్ళు చంద్రమౌళి దుకాణంలో ఏదో ఒకటి కొనుక్కుపోయారు. సేటుకు కొంచెం కడుపుమంట లేకపోలేదు.

ఆయన తర్వాత చాలామంది నా దగ్గరికి అంకెలు పట్టుకుని వచ్చారు. ఇప్పుడు నేను ముందే వాదించను, తర్వాత వాదిస్తాను. ముందు వాళ్ళు సాధన చేస్తుంటే చూస్తాను. ఒకరు లేసు మూడుసార్లు కట్టుకుంటారు, ఒకరు ఇంటికి ఫోన్ చేయనిదే సైకిలెక్కరు. అవన్నీ లెక్కలోకి రాకపోతే ఆ లక్ష్యం ఇంకెవరిదో అవుతుంది, వాళ్ళది కాదు. నేను చదివిన పుస్తకాల్లో దువ్వెన లేదు మరి.

చాయ్ వారం అయిపోయిన మర్నాడే సేటు కొలను దగ్గరికి వచ్చాడు.

“మేడం, బోణీ అయింది కద. ఇగ లాభం సంగతి మాట్లాడుదాం. గంటా నలభై ఐదు.”

“గంటా యాభై ఐదు.”

“మీ మాట కాదు, నా మాట కాదు. గంటా యాభై.”

“దువ్వెన ఇంట్ల పెట్టి వస్తేనే.”

సేటు జేబులోని దువ్వెన తడుముకున్నాడు.

“అయితే గంటా యాభై ఒకటి.”