వదిన చేసిన మర్యాద

పోయిన మంగళవారం పొద్దున మా పక్కింటి వదిన పోయింది. ఎవరూ వచ్చి చెప్పలేదు. ఎండ చూరు దిగినా ఆమె వాకిలి తడవలేదు, ముగ్గు లేదు. మా కోడలు పేడనీళ్ళ బక్కెట చేత్తో పట్టుకుని అటు చూసి, "మామా, అత్త ఇంకా లెయ్యలా" అంది. నేను పోయి తడిక తోశాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళు చల్లబడి చాలాసేపయింది. ఏదో జబ్బు అని ఊళ్ళో అంటున్నారు. నేను ఆ మాట రాయను. ఆకలితో పోయింది.

నాది ఇసుకలో దిద్దుకున్న చదువు. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. ఆమె గురించి రాయడానికి నేను తప్ప ఎవరూ లేరు.

వదినంటే నాకు రక్తసంబంధం కాదు. ఆమె మొగుణ్ణి నేను అన్నా అని పిలిచేవాణ్ణి, అందుకని వదిన. మా కే.జీ.కండిగైలో ఆయన మగ్గం నేసేవాడు, ఈమె రాట్నం మీద కండెలు చుట్టేది. దగ్గుతో ఆయన పోయాక మగ్గం అమ్ముడుపోయింది, రాట్నం మిగిలింది. పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. ఊళ్ళో వాళ్ళ మగ్గాలకు కండెలు చుట్టి బతికింది. చేతులు వణకడం మొదలయ్యాక దారం తెగేది. తెగిన దారపు కండె ఎవరికి కావాలి? ఒక్కొక్కరే రావడం మానేశారు.

సాయంత్రమైతే పొయ్యి మాత్రం వెలిగించేది. కుండలో ఉండేది ఉత్త నీళ్ళు. ఒకసారి మూత తీసి చూసి, ఇదేంది వదినా అన్నాను. "పొగ రాలేదనుకో, గంజి చెంబు పట్టుకోని నువ్వు వచ్చేస్తావు. నాకెందుకప్పా ఆ పీకులాట" అంది. మా ఇంట్లో గంజి తాగితే చింతపండులో గింజలు తీసిచ్చిగాని లేచేది కాదు. మా కోడలు వద్దంటే, "అట్లయితే నీ గంజి నువ్వే తాగు" అని చెంబు పక్కకు నెట్టేది.

ముసలోళ్ళ పింఛను మాట ఎత్తింది నేనే. బస్సులో తిరుత్తణి తాలూకాఫీసుకు పిలుచుకుపోయి అర్జీ ఇప్పించాను.

"నేనేం చేసినానని సర్కారు ఊరికే ఇస్తాదప్పా?" అంది.

"ఇంత వయసొచ్చేదాకా బతికినావు గదా వదినా. అదేమన్నా తక్కువ పనా?"

పగలబడి నవ్వింది. బస్సులో పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, "మొదటి పింఛనుకు నీకూ నీ కోడలికీ మా ఇంట్లోనే కూడు. గింజలు తీసే పని పెట్టను లే" అంది. అప్పటినుంచి ఆమెకు పింఛనంటే ఆ ఒక్క పూట కూడే.

కొన్నాళ్ళకు తలారి వచ్చాడు. రేపు తాలూకాఫీసు నుంచి ఆర్‌ఐ సారు వస్తాడు, ఈమె నిజంగా దిక్కులేనిదా కాదా అని ఇల్లు చూసి రాసుకుంటాడు అన్నాడు. ఆమె చెవిన పడింది ఒక్కటే, ఇంటికి మనిషి వస్తున్నాడని.

"ఆఫీసరొస్తే యాడ కూర్చోబెట్టేది? నీ మంచం ఇయ్యప్పా" అంది. నేనే నులకమంచం మోసుకుపోయి వేశాను. ఎదురింటి నుంచి ఇత్తడి చెంబు, లోటా వచ్చాయి. మా ఇంటి నుంచి కాఫీపొడి, చక్కెర. మా కోడలు పెండ్లిళ్ళకు కట్టుకునే చీర. వదిన గోడకు ఎర్రమన్ను పూసి, వాకిలంతా ముగ్గు పెట్టింది.

"ఏందత్తా, పెండ్లిచూపులా?" అని మా కోడలు ఎగతాళి చేసింది.

"నోర్ముయ్యవే. ఇన్నేండ్లలో నా ఇంటికి ఎవురొచ్చినారు చెప్పు!"

ఆర్‌ఐ చిన్నవాడు, మర్యాదస్తుడే. మంచం మీద కూర్చుని కాఫీ తాగాడు. "ఎన్న పాట్టీ, సాప్పాట్టుక్కు కష్టమా?" అని అరవంలో అడిగాడు. తిండికి కష్టంగా ఉందా అవ్వా అని. మా మనుషులకు ఇంటికొచ్చినవాడి ముందర లేదు అనే మాట నోట రాదు. చేతులు జోడించి, "ఒరు కురయుం ఇల్లె సామీ, ఉంగ పుణ్ణియం" అంది. ఏ కొరతా లేదు, మీ పుణ్యం అని. నేను వాకిట్లో నిలబడి దగ్గాను, సైగ చేశాను. నా వైపు తిరిగి, "ఏమప్పా, గొంతు పట్టిందా? చెంబులో నీళ్ళున్నాయి చూడు" అంది.

అర్జీ కొట్టేశారు. తలారే వచ్చి చెప్పాడు. "వసతిగా ఉందని రాసేసినాడవ్వా. మంచముంది, ఇత్తడుంది, కాపీ తాగతాదని."

వదిన అతనికి తాగడానికి నీళ్ళిచ్చింది. తర్వాత, "కాపీ బాగుండిందని రాసినాడా?" అంది.

మంచం మోసిన నాదే తప్పని ఊళ్ళో కొందరన్నారు. కాదు. ఇంటికొచ్చిన మనిషిని కటికనేల మీద కూర్చోబెట్టడం మాకు చేతకాదు. చూడవచ్చినవాడు కుండ మూత తీసి చూసుండాలి.

మళ్ళీ తిరుత్తణి పోయి అర్జీ పెట్టించాను. మళ్ళీ వస్తాం, ఎప్పుడనేది చెప్పం అన్నారు. ఈసారి నేను గట్టిగా చెప్పాను. వదినా, చినిగిన చీరే కట్టు. ఊడవొద్దు, అలకొద్దు, ముగ్గు అసలే పెట్టొద్దు. పేదోళ్ళ ఇల్లు పేదోళ్ళ ఇల్లులాగ కనబడనీ.

"ముగ్గు లేకుంటే సావింటి మాదిరి ఉంటాదప్పా" అంది. "సావింటికి ఎవురన్నా లోపలికొస్తారా?"

"నీ ముగ్గే నీ కూడు తింటా ఉండాది!" అని అరిచాను.

"తిననీ. నేను ఉండానని తెలవాల గదా" అంది.

వినలేదు. రోజూ చీకటితోనే లేచి ఊడ్చి, వణికే చేత్తో ముగ్గు పెట్టి, గడప పక్కన కూర్చునేది. పళ్ళిపట్టు రోడ్డున సైకిలు గంట వినిపిస్తే కొంగు సర్దుకునేది. ఆర్‌ఐ రాలేదు. రానురాను ముగ్గు చిన్నదయింది. గీతలు వంకర పోయాయి. ఆఖర్న నాలుగు చుక్కలు పెట్టి, వాటిని కలపకుండా వదిలేసేది.

కాఫీ పోసిన రోజు కట్టుకున్న చీరను ఆ సాయంత్రమే ఉతికి, మడిచి మా కోడలికి తిరిగిచ్చేసింది. మంగళవారం నాడు ఆ చీరే కప్పి పంపించాం.

మొన్న తలారి సైకిలు దిగి, "సారు వస్తానంటా ఉండాడు, ఏమని చెప్పమంటావు?" అని అడిగాడు.

"రమ్మను" అన్నాను. "ఇప్పుడొచ్చి చూడమను."

ఇంకా ఎవరూ రాలేదు. మంచం ఎప్పుడో మా ఇంటికి వచ్చేసింది, చెంబు ఎదురింటికి పోయింది. లోపల కుండ, రాట్నం ఉన్నాయి. మా కోడలు పొద్దున మా వాకిలి చల్లుతూ చెయ్యి చాచి అటు కూడా చల్లబోయి ఆగింది. సావిల్లు గదా. ఆ పక్క నేల ఎండి బీటలిచ్చింది. కోళ్ళు కెలికినచోటల్లా మట్టిలోంచి పాత ముగ్గుపొడి తెల్లగా పైకి వస్తోంది.