వాచర్ తాత బీడీ తాగలేదు

నా చిన్నప్పుడు ఒక నిజం చెప్పకుండా దాచాను, దాని మీద ఒక అబద్ధానికి ఔనన్నాను. ఇరవై ఏళ్లు దాటింది. మా ఊరి వెనక చెరువుకు పక్షులను చూడ్డానికి వచ్చేవాళ్లకు పడవ నడిపేవాళ్లు ఇప్పటికీ ఒక కథ చెబుతారు. వెనకటికి ఇక్కడొక వాచర్ ఉండేవాడట, బీడీ తాగి పారేసి కొంగల గూళ్లు తగలబెట్టాడట. ఆ కథ తప్పు. నిప్పు పెట్టింది నేను. ఇన్నాళ్లు మోసి అలసిపోయాను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరు ములకలపల్లి అవతల, అడవి అంచున. ఊరి వెనక పెద్ద చెరువు, చెరువు అంచున ఒక మిట్ట, మిట్ట నిండా తుమ్మచెట్లు. చలికాలం సగమయ్యేసరికి ఆ తుమ్మల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టేవి. వాటి కాపలాకు అడవి ఆఫీసు వాళ్లు మా ఊరి మనిషినే పెట్టారు. కోయాయన, అప్పటికి యాభై దాటి ఉంటాడు. పిల్లలందరం వాచర్ తాత అనేవాళ్లం.

మిట్టకు ఇవతల ఇప్పచెట్లు ఉండేవి. ఏ చెట్టు ఏ ఇంటిదో మా దగ్గర పెద్దల నాటి నుంచి అందరికీ తెలుసు. పూలు రాలే ముందు చెట్టు కింది ఎండుటాకులు పోగుచేసి, చుట్టూ నేల బాగా గీకి, నిప్పు పెడతారు. నల్లబడిన నేల మీద పూలు తెల్లగా కనపడతాయి, ఏరడం తేలిక. కానీ ఆ ఏడాది చెరువు వైపు నిప్పు పెట్టొద్దని, పిల్లకొంగలు ఎగిరేదాకా చీపురుతో ఊడ్చుకోవాలని వాచర్ తాత ఇంటింటికీ తిరిగి ఒప్పించాడు. “మా ఊరోళ్లు మాట తప్పరు సార్, పూలు ఏరుకోనియ్యుండ్రి” అని పైవాళ్లకు తానే పూచీ పడ్డాడు. ఊరికి పూలు దక్కడం, ఆయనకు నౌకరీ ఉండడం ఆ పూచీ మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ ఎండాకాలం మొదట్లో మా మేనమామ టాంజానియా నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ బోర్లు వేసే లారీ మీద పని. కంపెనీవాళ్లు ఒకసారి ఒక సరస్సు పక్కనున్న పెద్ద అడవి పార్కుకు తీసుకుపోయారట. ఆ ఫోటోలు ఊరంతా చూపించాడు. నాకు పన్నెండేళ్లు. నీళ్ల మీద గులాబీ రంగు చార ఒకటి గీసినట్టుంటే, అవన్నీ రాజహంసలని నమ్మడానికి చాలాసేపు పట్టింది. మామకు అక్కడే ఈ పక్షుల పిచ్చి పట్టింది. మెడలో చిన్న బైనాక్యులర్ వేసుకుని, మన చెరువులో ఏమున్నాయో చూద్దామని ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. వాచర్ తాత మమ్మల్ని ఒక పొద మాటున కూర్చోబెట్టాడు.

మామ ఊరుకోలేదు. టాప్ లేని జీపు, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ ఏనుగులు, నీళ్లలోంచి చెవులు మాత్రం బయటపెట్టిన నీటిగుర్రాలు, గుసగుసగా చెబుతూనే ఉన్నాడు. తాత అన్నీ విని ఒక్కటే అడిగాడు.

“గంత పెద్ద అడవిల మనుషులు ఉండరా?”

“ఉండరు తాతా. ఊళ్లన్నీ బయటనే.”

“మరి ఏ జంతువు ఈనిందో, ఏది సచ్చిందో ఎవలు చెప్తరు?”

మామ నవ్వాడు. “నీ అసొంటోళ్లు జీతానికుంటరు. గైడ్ అంటరు. షర్టు, బూట్లు, టోపీ. దొర లెక్క!”

“బూట్లేసుకొని ఎట్ల నడుస్తరో ఏమో, సప్పుడుగాదా” అన్నాడు తాత.

తర్వాత నా వైపు తిరిగాడు. నేను బైనాక్యులర్‌ను ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు తిప్పుతూ ఉన్నాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. “అన్ని జూస్తే ఒక్కటి గూడ సూడనట్టే. ఒక్క గూడు పట్టుకో పిలగా. ఇయ్యాల గదే నీది.”

చివరి తుమ్మ మీద, అన్నిటికంటే కిందున్న గూడు పట్టుకున్నాను. మూడు పిల్లలు. మొదటి గంట ఏమీ జరగలేదు. ఎండ ఎక్కేసరికి తల్లి లేచి, సూర్యుడికి వీపు పెట్టి రెక్కలు సగం విప్పింది. పిల్లలు దాని నీడలోకి జరిగాయి. కాసేపటికి రెండో కొంగ చెరువు నుంచి ముక్కునిండా నీళ్లు తెచ్చి పిల్లల మీద వదిలింది. అవి తలలెత్తి తడిసాయి. నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా నాకంటే సంతోషంగా ఉన్నవాడు మా మండలంలో ఉండడనిపించింది.

అన్నం తిన్నాక తాత అవతలి గట్టు చూసొస్తానని వెళ్లాడు. మామ తువ్వాలు మొహాన వేసుకుని నిద్రపోయాడు. కూర్చున్న చోటికి కాస్త దూరంలోనే మా ఇంటి ఇప్పచెట్టు. మా నాయనమ్మ మోకాళ్ల నొప్పులతో రోజూ వంగి ఊడవలేక తిట్టుకుంటూ ఉండేది. ఆమె పని తప్పిద్దామనుకున్నాను. ఇంత కొంచెం ఆకుకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఆకులు కుప్పచేశాను. చుట్టూ నేల గీకాలి, అది నాకు తెలుసు. గీకలేదు. నిద్రపోతున్న మామ పక్కనున్న లైటర్ తెచ్చి అంటించాను.

గాలి తిరిగింది. నిప్పు కుప్పలోంచి ఎండుగడ్డిలోకి దిగి, గడ్డి వెంట మిట్ట వైపు పరిగెత్తింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. అంత పెద్ద రెక్కల చప్పుడు నేను మళ్లీ వినలేదు. మామ లేచి పచ్చికొమ్మ విరిచి బాదాడు, అవతలి గట్టు నుంచి తాత మోకాలి లోతు నీళ్లలో పడి పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురం కలిసి ఆర్పాం. రెండు తుమ్మలు మాత్రమే కాలాయి. కానీ పొగకు తల్లులు దిగలేదు. అంతలోనే గద్దలు దిగాయి. నా గూట్లో మూడు పిల్లలుండేవి. ఒకటి మిగిలింది.

పొద్దుగూకే ముందు జీపులో ఆఫీసరు వచ్చాడు. ఎవరు పెట్టారని అడిగాడు. తాత మా ఇప్పచెట్టు కింది బూడిదను చూసి, నన్ను చూశాడు. నేను మామను చూశాను. మామ నేల చూశాడు.

“కాపలా నాది సార్” అన్నాడు తాత. “నా కాపలాల లేసింది నిప్పు.”

అంతకుమించి ఆయన ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంటికొచ్చే దారిలో మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఎవ్వరికి చెప్పకు అల్లుడా. కేసైతే నా పాస్‌పోర్టు గుంజుకుంటరు.” చాలా ఏళ్లు ఈ తప్పును మామ మీదికి తోసి బతికాను. కానీ మామ ఆ నెలలోనే వెళ్లిపోయాడు. ఆ తర్వాతి మౌనం అంతా నాదే.

నాలుగు రోజులకు తాత నౌకరీ పోయింది. చెరువు వైపు పూలు ఏరనివ్వలేదు. ఊరికి కోపం వచ్చింది. ఒకరోజు కిరాణా కొట్టు ముందు నలుగురు కూర్చుని నన్ను ఆపారు. “నువ్ ఆడనే ఉంటివి గదరా, ముసలోడు బీడీ తాగి పారేసిండంట, నిజమేనా?”

ఆయన బీడీ తాగడని వాళ్లకూ తెలుసు. అయినా అడిగారు, ఎవరో ఒకరు ఔననాలి కాబట్టి.

“అవ్” అన్నాను.

ఆ ఒక్క మాటతో కథకు సాక్షి దొరికాడు. కళ్లారా చూసిన పిల్లాడే చెప్పాడని ఊరంతా పాకింది. ఆయన దాకా పోకుండా ఉంటుందా? అయినా రెండోనాడు తెల్లవారేసరికి మా గుమ్మం ముందు తాత నిలబడి ఉన్నాడు. అప్పటికాయన వాచర్ కాదు, చేతిలో కాపలా కర్ర కూడా లేదు. మా నాయనమ్మ బయటికొచ్చి ఏందని అడిగింది.

“పిలగాడు ఒక గూడు పట్టుకుండు. నడిమిట్ల ఇడిస్తె ఎట్ల?” అన్నాడు.

రోజూ పొద్దున్నే వచ్చి తీసుకుపోయేవాడు. ఇద్దరం దూరంగా, గట్టు మీద కూర్చునేవాళ్లం. నిప్పు సంగతి ఆయన ఎత్తలేదు. పిల్ల ఈరోజు నిలబడింది, రెక్క కొట్టింది, పక్కకొమ్మ మీదికి దూకింది, అవే మాటలు. ఒకరోజు గూడు ఖాళీగా ఉంది. నేను భయపడ్డాను. ఆయన నీళ్ల అంచున తడబడుతున్న పిల్లకొంగను చూపించి, “ఇగ నీ పని అయిపోయింది” అని లేచి వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. మొదలుపెట్టినదాన్ని చివరిదాకా చూడాలన్న మాట ఆ రోజుల్లోనే నాలో దిగింది. ఆయన విషయంలో తప్ప అన్నిటిలోనూ పాటించాను.

ఇప్పుడు నేను పెనుబల్లి దగ్గర బడిపంతులుని. మొన్న చలికాలంలో మా పిల్లలను ఆ చెరువుకే తీసుకుపోయాను. పడవాయన మామూలుగానే బీడీ కథ చెప్పాడు. పిల్లలు నవ్వారు. ఒక అమ్మాయి నా వైపు తిరిగి, “సార్, మీది గీ ఊరే గదా, నిజమేనా?” అంది.

అదే ప్రశ్న. పిల్లలను తోటి టీచరుకు అప్పజెప్పి ఊళ్లోకి నడిచాను.

తాత ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టాడు. లోపలి నుంచి కోడలు చాయ్ పెట్టనా అని మెల్లగా అడిగితే, పెట్టమన్నాడు. నేను పక్కన కూర్చుని, ఆయన చెవి దగ్గర, ఆయనకొక్కడికే వినపడేట్టు చెప్పాను.

“ఏంది?” అన్నాడు.

మళ్లీ చెప్పాను, కాస్త పైకి.

“వినవడ్తలేదురా పిలగా. గట్టిగ చెప్పు.”

కోడలి మాట గోడ అవతలి నుంచి విన్న మనిషి. నాకు అప్పుడర్థమైంది, నేను ఏ గొంతుతో చెప్పాలో. నేను లేచి నిలబడ్డాను. చాయ్ పట్టుకుని కోడలు గుమ్మంలోకి వచ్చింది. పక్కింటి వాకిట్లో కట్టెలు కొడుతున్న ఆయన గొడ్డలి ఆపాడు. ఎదురుగా కిరాణా కొట్టు ముందు కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు.

“నిప్పు పెట్టింది నేను తాతా! నువ్వు బీడీ తాగలే! నేను అవ్ అని అబద్ధం చెప్పిన! నీ పేరు పోగొట్టింది నేనే. తప్పయింది తాతా, నన్ను మాఫ్ చెయ్!”