గుమ్మం దగ్గర డైనమో

పోయిన వారం పాత ఇనుము కొనే ఆయన మా వాకిట్లో ఆటో ఆపి, మా మామ గది తలుపుకు ఆనించి పెట్టుండే డైనమో మీద కన్నేసినాడు. "ఇదెందుకమ్మా ఈడ, తుప్పు పట్టిపోతా ఉండాది. లోపల రాగి ఉంటాది, ఇచ్చేయండి" అన్నాడు. విరిగిన కుర్చీ, చిల్లు పడిన బిందె, బోరు పైపు ముక్కలు అన్నీ ఎత్తుకోమన్నాను గానీ దాన్ని ముట్టుకోనీలేదు. తలుపుకు అడ్డం పెట్టేదానికి ఒక రాయి దొరకదా అన్నట్టు నన్ను ఎగాదిగా చూసినాడు. వడమాలపేటలో రాళ్ళకేం కరువు. నేను లోపలికొచ్చేసినాను.

అది మా లారీది. ఇంజను తిరిగేటప్పుడు దాంతోబాటే తిరిగి బ్యాటరీకి ఛార్జింగు ఎక్కించే సామాను. కొత్తవాళ్ళు ఆల్టర్నేటర్ అంటారు, మా పక్క లారీవాళ్ళకు డైనమోనే. ఆ లారీ నా పెద్దకూతురికంటే రెండేండ్లు పెద్దది. ఆ కూతురి కాన్పుకు నొప్పులొస్తే నన్ను పుత్తూరు ఆసుపత్రికి తీసుకపోయింది గూడా అందులోనే, తోలింది మా మామ. దోవ పొడుగునా ఒక్క గుంత తగలనీలేదు. ఆ పొద్దునించీ ఆయన తోలడం గురించి ఎవరన్నా ఒక మాటంటే నాకు ఒళ్ళు మండేది.

ఏడేండ్ల కిందట మామిడికాయల కాలంలో, పొద్దుగూకే వేళ, మా మామ లారీని ఇంటి గేటు రాతిస్తంభానికి గుద్దినాడు. ఇరవై ఏండ్లుగా లోపలికి తెచ్చిన బండి. దిగి వచ్చి, "లైట్లు మసగ్గా ఉండాయప్పా, దోవ కనబడలేదు" అన్నాడు. మా ఇంటాయన నొక్కుబోయిన బంపరు చూసి, "లైట్లు కాదు నాయనా, నీ కండ్లు" అన్నాడు. అంతే, ఇంట్లో రెండు పార్టీలు అయిపోయినాయి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం మా మామ. కొడుకు పట్టిన కుందేటికి ఆ మూడు గూడా ఉండవు. తిరుపతిలో కండ్లాసుపత్రికి పోదామని మా ఇంటాయన ఫోను చేసి చీటీ గూడా రాయించినాడు. అడ్డం పడింది నేనే. "బండి లైట్లు బాగుచేయించకుండా మనిషిని ఆసుపత్రికి తోలతారా?" అని నిలదీసినాను. నా నోటికి జడిసి ఆయన ఆ ప్రయాణం మానుకున్నాడు. మా మామ ఆ పొద్దు ఇంకొక ముద్ద ఎక్కువ తిన్నాడు. నేను గెలిచినానని మురిసిపోయినాను గూడా.

నిజానికి లైట్లు మసకే. సెల్ఫు కొడితే బండి ముసలిదగ్గు దగ్గినట్టు దగ్గి ఆగిపోయేది. హారను గొంతు పోయింది. దిగువకు దొర్లితే స్టార్టు అవుతాదని, లారీని ఎప్పుడూ మిట్ట మీదే నిలిపేవాళ్ళం. మా ఇంటాయన కనిపెట్టిన మొదటి రోగం స్వామి పటం ముందర బల్బు. బండి కొన్ననాడు మా మామ కేబినులో పటం పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, గోరంత బల్బు పెట్టినాడు. తాళం తీసినా ఆరదు. ఆరకూడదని ఆయన మొక్కు. "ఇదే బ్యాటరీని తాగేస్తా ఉండాది" అని కొడుకు ఆ వైరు పీకేసినాడు. మా మామ రెండు పూటలు నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడూ బండి లేవలేదు. తర్వాత కొడుకు కొత్త బ్యాటరీలు వేసినాడు. వారం బాగుండి, అవీ చచ్చినాయి. ఇట్ల నెలన్నర పోయింది. చెట్ల మీద తోతాపురి కాయ పండుబారతా ఉండాది. చిత్తూరు పక్క గుజ్జు ఫ్యాక్టరీకి మొదటి లోడు పోవాల, అది మా మామ తోలాలా కొడుకు తోలాలా అన్నదే తేలలేదు. స్టీరింగు పోతే మా మామకు ఇంకేముండాది చెప్పండి. ఆయనకు పొలం పని గూడా సరిగా రాదు.

ఆఖరికి పుత్తూరు నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించినాను. ఆ మనిషి సగం అరవం, సగం తెలుగు. బండిని దొర్లించి ఇంజను ఆడించి, బ్యాటరీ మీద మీటరు పెట్టినాడు. "ఇరవై ఎనిమిది ఓల్టుల దాకా రావాలక్కా, ఇరవైమూడు దగ్గరే నిలబడిపోయింది. బ్యాటరీ ఏం చేస్తాది పాపం, ఎక్కేది లేదు, దిగేదే" అన్నాడు. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి చూసినాడు, బిగువుగానే ఉండాది. బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టి డైనమో దించబోతే కింది బోల్టు కదల్లేదు. కిరసనాయిలు పోసినా లేదు. మా మామ వచ్చి, అటుపక్క తిరిగి ఎటో చూస్తా, సందులోకి చెయ్యి పోనిచ్చి తడిమి, స్పానరు తగిలించి ఒక్క గుంజు గుంజినాడు. బోల్టు ఊడింది. చూడకుండానే తీసినాడే, అదీ అనుభవమంటే అని నేను మా ఇంటాయనను ఎత్తిపొడిచినాను.

విప్పి చూస్తే లోపల కార్బన్ బ్రష్షులు అరిగిపోయి చాక్‌పీసు ముక్కల మాదిరి మిగిలినాయి. చుట్టిన తీగ కాలి వాసన కొడతా ఉండాది. "దీని పని అయిపోయింది" అని, ఆ మనిషి కొత్తది తెచ్చి బిగించినాడు. పీకేసిన బల్బు వైరునూ కలిపేసినాడు. "ఈ మిణుగురు లారీని తాగేస్తాదా అన్నా" అని మా ఇంటాయనను చూసి నవ్వినాడు. మీటరు ఇరవై ఎనిమిది చూపించింది. పొద్దుగూకినాక లైట్లు వేస్తే మామిడికాయల షెడ్డు గోడ మీద సున్నం బీటలు గూడా లెక్కపెట్టొచ్చు. మా ఇంటాయన మంచోడే, ఓడిపోతే ఒప్పుకుంటాడు. తాళం తెచ్చి వాళ్ళ నాయన చేతిలో పెట్టి, "నువ్వు చెప్పిందే నిజం నాయనా. రేపు నువ్వే తోలు" అన్నాడు.

పెద్ద పని చేయించినాక బండిని నిమ్మకాయలు తొక్కించే తీస్తారు మావాళ్ళు. ముందర చక్రాలకు రెండు, వెనకవాటికి రెండు, పసుపు పూసి నేనే పెట్టినాను. మా మామ బండి ముందరకి, ఆ వెలుతుర్లోకి నడిచొచ్చినాడు. ఆయన చెప్పు తగిలి ఒక నిమ్మకాయ దొర్లుకుంటా పోయి నా కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన వంగలేదు, కిందికి చూడనూ లేదు. ఇంకో రెండడుగులు వేసి, "నిమ్మకాయలు పెట్టినావా అమ్మా?" అని అడిగినాడు.

మా ఇంటాయన అవతల పక్క టార్పాలిను సర్దుతా ఉండాడు. ఆయనకు ఇది తెలీదు. అంత వెలుతుర్లోనూ మా మామకు కాలి కింద కాయ కనబడలేదు. రేపు చిత్తూరు రోడ్డులో ఆ బండి, పక్కసీట్లో నా మొగుడు. వంగి ఆ కాయను తీసి మళ్ళా చక్రం ముందర పెట్టి, "పెట్టినా మామా" అన్నాను. నా గొంతులో తేడా నాకే తెలిసిపోయింది, ఆయనకు తెలీకుండా ఉంటాదా. ఆయన లైట్ల పక్కకు మొహం తిప్పినాడు. "లైట్లు బాగా పడతా ఉండాయా?" అన్నాడు.

"బాగా పడతా ఉండాయి మామా. గోడంతా పట్టపగలు మాదిరి ఉండాది."

"ఆహా" అన్నాడు. చేత్తో బంపరు పట్టుకొని, దాని వెంబడే పక్కకు పోయి, కొడుకును పిలిచి తాళం ఇచ్చేసినాడు. "నువ్వే తోలప్పా. కొత్త డైనమో, దాని కూత ఎట్లుండాదో నేను పక్కన కూచ్చోని వినాల." మా ఇంటాయన ఆ మాట నిజమే అనుకున్నాడు. చానా రోజులు అట్లే అనుకున్నాడు.

లోడ్లన్నీ అయిపోయినాక, ఈసారి నేనే మా మామను కండ్లాసుపత్రికి తీసుకపోయినాను. కంట్లో పొర కాదన్నాడు డాక్టరు. లోపల నరం ఎండిపోతా ఉందంట, పోయింది తిరిగి రాదంట. "రెండు మూడు నెలల ముందర వచ్చుంటే ఉన్నదన్నా నిలబెట్టేవాళ్ళం" అన్నాడు. మా మామ నా చెయ్యి తట్టి, "పోనీలేమ్మా, లైట్లూ మసకే కదా" అన్నాడు. ఈ పొద్దుకీ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండు అనిపిస్తాది.

లారీ అమ్మేసినాం. డైనమో మాత్రం ఆయనే అడిగి గుమ్మం దగ్గర పెట్టించుకున్నాడు. తెల్లారి గదిలోనుంచి వచ్చేటప్పుడు కాలు చాచి దాన్ని వెతుక్కుంటాడు. తగిలితే తలుపు దొరికినట్టు. తగిలేదాకా నేను కాఫీ గ్లాసు పట్టుకొని ఎదురుగా నిలబడతాను. ఏడేండ్లు ఎట్ల పోయినాయో తెలీదు గానీ, ఆయన కాలు గాల్లో ఉండే ఆ ఒక్క నిమిషం మాత్రం నాకు ఇప్పటికీ పోదు.