కొత్తవాళ్ళకు వదిలిన పని

ఊరందరి పనీ నెత్తిన వేసుకునేవాళ్ళుంటారే, ఆవిడ ఆ జాతి మనిషి. పగలు లైబ్రరీలో ఉద్యోగం. సాయంత్రమైతే, చూపులేనివాళ్ళకు పుస్తకాన్ని పైకి చదివి వినిపించే ఒక సాఫ్ట్‌వేర్‌కు కాపలా. దానికి యజమాని లేడు, జీతాలు లేవు. లోపలి కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎక్కడెక్కడివాళ్ళో తీరిక చేసుకుని తలో చెయ్యీ వేస్తారు. ఎవరికి ఏ పనో పంచేదీ, చేసింది సరిచూసి కలిపేదీ ఈవిడే. అందుకే వాళ్ళంతా ‘మేస్త్రమ్మ’ అంటారు. అనరూ మరి!

మేస్త్రమ్మకో పద్ధతుంది. తేలిక పని కనబడితే తను ముట్టుకోదు. ‘కొత్తవాళ్ళకు’ అని చీటీ తగిలించి వదిలేస్తుంది. వచ్చిన రోజే కొండ ఎత్తమంటే ఎవరుంటారు? చిన్నది చేసి సంబరపడితే రెండోదానికి వస్తారు. అలాగే అరవై మంది పోగయ్యారు. ఆ మాట చెప్పుకోవడం ఆవిడకు కాస్త గర్వం కూడా.

ఇంట్లో మాత్రం మామగారితోనే చిక్కు. ఆయన టైపు నేర్పే సంస్థ నడిపిన మనిషి. రెండేళ్ళ కిందట చూపు పోయింది. కోడలి సాఫ్ట్‌వేరే ఆయనకు కాలక్షేపం. మునుపు గలగలా మాట్లాడేవాడు, ఇప్పుడు పిలిస్తే పలకడు. చెవుల డాక్టరుకు చూపిస్తే చెవులు బ్రహ్మాండం అన్నాడు. "అయితే పొగరే," అని తేల్చేశాడు కొడుకు. మెల్లగా ఆ గదిలోకి వెళ్ళి కూర్చోవడమే మానేశారందరూ. మామగారంటే ప్రాణం కనుక కోడలికి అది ముల్లులా గుచ్చుకునేది.

ఒక ఆదివారం పొద్దున ఉండబట్టలేక ఆయన ఫోను తీసుకుని, అది చదువుతున్న పుస్తకాన్ని ఆపేసింది.

"నామీద కోపమేంటి మామయ్యా? చెప్పండి!"

"అయ్యో, ఆపేశావా!" ఆయన ముఖం వాడిపోయింది. "కోపమేంటమ్మా. మధ్యలో ఆపితే ఈ మాయదారిది మళ్ళీ అధ్యాయం మొదటికి పోతుంది. విన్నదంతా మళ్ళీ వినాలి. అందుకే ఎవరు పిలిచినా ఆపను."

"నాకు చెప్పొచ్చుగా?"

"పైసా తీసుకోకుండా అంత కష్టపడుతున్నావు. వంక పెట్టడం దేనికని..."

ఆ లోపం ఆవిడకు తెలుసు. పదకొండు నెలల కిందట తనే దానికి ‘కొత్తవాళ్ళకు’ అని తగిలించింది. పావుగంట పని! ఐదు వారాల కిందట ఒక బస్సు కండక్టరు "నేను చేస్తా" అన్నాడు. ఆ తర్వాత అతని అజాపజా లేదు. ఒకరు పట్టిన పని లాక్కోకూడదన్నదీ ఆవిడ పద్ధతే.

అప్పటికప్పుడు కండక్టరుకు ఫోన్ చేసి మామగారి సంగతంతా చెప్పింది.

"సగంలో చిక్కుకుపోయానండి మేస్త్రమ్మగారూ. చేతకాలేదని చెప్పడానికి సిగ్గేసింది. మీరే చేసేయండి."

"చెయ్యను. ఇప్పుడే ఇద్దరం కూర్చుందాం."

అతనికి నేర్పుతూ చేయించేసరికి మధ్యాహ్నమైంది.

మామగారు ఆపి, మళ్ళీ నొక్కి చూశాడు. ఆగినచోటే మొదలైంది. ఇంకోసారి ఆపి పకపకా నవ్వాడు.

"ఇదంతా ఎంతసేపటి పనమ్మా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"పావుగంట పని మామయ్యా. కొత్తవాళ్ళు నేర్చుకుంటారని పదకొండు నెలలు నేనే వదిలేశాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకు.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"నలభై రెండు."

"చదువు. ఒక్కొక్కటీ చదువు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. మొదటి రెండూ విని, "ఇవి ఉండనీ, ఎవరైనా నేర్చుకుంటారు," అన్నాడు. మూడోది, ఫోను మోగినా పుస్తకం చదవడం ఆగట్లేదని, ఎత్తినా అవతలి మాట వినబడట్లేదని. అది పూర్తికాకముందే చెయ్యెత్తాడు.

"ఇది ఇవ్వాళే చెయ్యమ్మా. ఎవరి కూతురో ఫోన్ చేసి చేసి, విసిగి పెట్టేస్తూ ఉంటుంది."