మరదలు గీసిన సగం ముఖం

మా మరదలు దర్జీ. మెడలో టేపు లేకుండా దాన్ని చూసినవాళ్లు ఈ వీధిలో లేరు. యాభై దాటాక దానికి బొమ్మలు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. లైబ్రరీ మేడ మీద సాయంత్రాలు పెద్దవాళ్లకు క్లాసులు పెడుతున్నారని విని, ఒక్కతే వెళ్లడానికి మొహమాటపడి నన్నూ లాక్కుపోయింది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందటే?" అన్నాను.

"వంగకపోతే ఇస్త్రీ పెట్టె తెస్తాలే, పద వదినా," అంది. ఆడపడుచునన్న భయం ఇంత కూడా లేదు దానికి.

మొదటి రోజు బల్ల మీద కూజా పెట్టి గీయమంది టీచరమ్మ. మా పిల్లలకన్నా చిన్నది ఆ అమ్మాయి. నా కూజా ఓ పక్కకు ఒరిగిపోయింది. పెన్సిల్ మంచిది కాదన్నాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మరదలు మాత్రం కాగితాన్ని నిలువునా మడిచి, మడత దగ్గర్నుంచి సగం కూజా గీసేసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"మిగతా సగం ఏదండీ?" అంది టీచరమ్మ.

"మడతలో ఉంది కదమ్మా! కత్తిరించి విప్పితే అదే వస్తుంది."

గదంతా ఒకటే నవ్వు. చొక్కా వీపైనా, గౌను ముందు భాగమైనా బట్టను మడిచి సగమే గీసే చెయ్యి అది. ఏం చేస్తుంది పాపం! అంతటితో అయిందా? మనుషుల్ని గీసేటప్పుడు గీత చుట్టూ వేలెడు వదిలి మరో గీత. ఎందుకే అంటే, "కుట్టుకి వదలొద్దూ?" అంది. దాని కాగితం మీద అందరూ ఒళ్లు చేశారు. మా పక్కన కూర్చునే బస్సు కండక్టరు తన బొమ్మ చూసుకుని, "రేపట్నుంచి నాకు రెండు సీట్లు కావాలి చెల్లెమ్మా," అన్నాడు.

నవ్వితే నవ్వారులే అని అది పట్టు వదల్లేదు. షాపులో బట్టల ముక్కలు చుట్టే కాగితాల నిండా చేతులు, చెవులు, కుర్చీలు. కొన్నాళ్లకు కుట్టు గీత పోయింది. నీడ వేయడం పట్టుబడ్డాక టీచరమ్మే దాని కాగితం పైకెత్తి అందరికీ చూపించింది. నేను మాత్రం ఇంకా కూజా దగ్గరే ఉన్నాను.

ఇంత పట్టుదల ఎందుకో నాకు ఆలస్యంగా తెలిసింది. దానికో అక్క ఉంది. బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనిచేసేది. ఆవిడ నోరు విప్పితే వరసలో ఉన్నవాళ్లంతా నవ్వేవారు. ఏదో జబ్బు చేసి ముఖంలో ఎడమ పక్క జారిపోయింది. రెప్ప వాలింది, పెదవి కొస కిందికి దిగింది. ఉద్యోగం మానేసి, చెల్లెలి షాపులో తెర వెనక కూర్చుని కాజాలు, గుండీలు కుట్టుకుంటోంది. ఎవరైనా బట్టలతో వస్తే మాట కూడా ఆపేస్తుంది. ఫోటో అంటే ఆమడ దూరం.

"చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది వదినా," అంది మరదలు. "అద్దంలో అక్కకు ఆ పెదవి ఒక్కటే కనిపిస్తోంది. మిగతాదంతా నేను గీసి చూపిస్తాను. ఎలాగైనా ఆ తెర ఇవతలికి రావాలి."

క్లాసు చివర్లో ఇంట్లోవాళ్ల ముఖం ఒకటి గీసి లైబ్రరీలో ప్రదర్శనకు పెట్టాలన్నారు. అక్కను బతిమాలి ఒప్పించింది. ఆవిడ ఒకే షరతు పెట్టింది. "మంచి పక్క సగమే గియ్యి. కాగితం మడిచి రెండో పక్క కూడా అదే దించు. నీకు అలవాటేగా!"

నేనూ షాపులో ఉండగానే అలాగే చేసింది. కిటికీ అద్దానికి ఆనించి రెండో సగం దించింది. రెండు పక్కలూ ఒక్కలాగే, చక్కటి ముఖం. అక్క దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఎవరే ఈ మహాతల్లి? టికెట్టడిగితే చిల్లర లేదు పొమ్మనేలా ఉంది," అంది. మేము నవ్వుతూనే ఉన్నాం, ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది నేను కాదే. మడవకుండా గియ్యి."

కొత్త కాగితం పెట్టింది మరదలు. వెలుతురు కోసం అక్క కుర్చీ తెర ఇవతలికి, కిటికీ దగ్గరికి జరిగింది. పెదవి దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. కాస్త పైకి గీసి, చెరిపి, మళ్లీ గీసింది. అంతలో కండక్టరు ప్యాంటు కోసం లోపలికొచ్చాడు.

"టికెట్ల అక్కా! మీరా! ఎన్నేళ్లయింది చూసి! ఎక్కడికెళ్లిపోయారు?"

ఆవిడ లేవబోయింది. "కదిలావంటే చూడు!" అని గద్దించింది మరదలు. అక్క కళ్లు తెర వైపే వెళ్లాయి. లోపలికి వెళ్లిపోతుందేమో అనుకున్నాను.

ఆవిడ మెల్లగా కుర్చీలో సర్దుకుంది. "ఎక్కడికీ పోలేదు తమ్ముడూ. ఈ తెర వెనకే ఉన్నాను. నీ ప్యాంటు గుండీలు కుట్టేది నేనే. కాస్త తిండి తగ్గించు, కుట్టినవి కుట్టినట్టే ఊడిపోతున్నాయి."

అతను పడీ పడీ నవ్వాడు. ఆవిడా నవ్వింది. కుడి పక్క పెదవి లేచింది, ఎడమ పక్కది లేవలేదు. మరదలు ఆ నవ్వును ఉన్నదున్నట్టు గీసేసింది.

లైబ్రరీ గోడకెక్కింది ఆ బొమ్మే. చూడటానికి జనం గుంపుగా వస్తే అక్క దాని పక్కనే నిలబడి, "వరసలో రండి బాబూ, వరసలో!" అని కసురుతూ ఉంది.