వద్దుగారి చేతిలో ముక్కలు

అద్దకాల మిల్లులో రంగులు కలిపే పెద్దాయనను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన వద్దుగారు. భోజన విరామంలో పోకర్ ఆడుతుంటే, చేతికొచ్చిన రెండు ముక్కల్నీ ఓరగా ఎత్తి చూసి, “వద్దు” అని బోర్లా పడేసేవారు. తర్వాత బల్లమీద పరిచే ముక్కలు అందరివీ. చేతిలోని ఆ రెండే ఎవరివి వాళ్లవి. వాటిని చూసి ఆడాలో మానాలో తేల్చుకోవడంలోనే తెలివంతా ఉందని ఆయన నమ్మకం. ఆసులో రాజులో జంటగా వస్తే తప్ప చెయ్యి కదిలించేవారు కాదు.

బతుకులోనూ అంతే. స్నేహితుడు సొంతంగా అద్దకం పెడదాం రమ్మంటే వద్దన్నారు. మేస్త్రీ పని ఇస్తామంటే వద్దన్నారు. స్నేహితుడు ఏడాది తిరక్కుండా చేతులు కాల్చుకున్నాడు. వద్దనుకున్నదేదీ తనను ముంచలేదని వద్దుగారు నిబ్బరంగా ఉండేవారు.

పందెం పాత చొక్కా గుండీలే. కానీ శనివారం ఆట సరదాకి కాదు. విరామం అయిపోయి గంట కొట్టేసరికి ఎవరి దగ్గర గుండీలు తక్కువుంటే వాళ్లు మురుగు తొట్టిలోకి దిగి, అడుగున పేరుకున్న మడ్డి తోడాలి. వద్దుగారు ఎన్నడూ దిగలేదు.

బట్ట జాడించే పనిలో చేరిన ఆయన బావమరిది ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఎంత చెత్త ముక్కలొచ్చినా “చూద్దాం బావా” అంటూ ఆడేవాడు. వరసగా రెండు శనివారాలు వాడే దిగాడు. దగ్గు పట్టుకుంది.

ఆ శనివారం పొద్దున క్యారేజీ చేతికిస్తూ భార్య అంది, “తమ్ముడు రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడట. మా మరదలు ఏడుస్తోంది.”

“నేనేం చెయ్యనే?”

“ఇవాళ నువ్వు ఓడిపో. ఒక్కసారి నువ్వు దిగు. వాడు మళ్లీ ఆ గోతిలోకి దిగితే పైకి రాడు.”

“సరేలే.”

“సరేలే కాదు. ఓడిపో.”

ఆయన నిజంగానే ఓడిపోదామనుకునే కూర్చున్నారు. ఆట మొదట్లోనే బావమరిది అలవాటుకొద్దీ చూద్దామంటూ వెళ్లి, సగం గుండీలు బాయిలర్ దగ్గర పనిచేసే తాతకు సమర్పించుకున్నాడు. తర్వాత వద్దుగారికి మూడూ ఎనిమిదీ వచ్చాయి. ఆయన గుండీలు ముందుకు తోశారు.

బాయిలర్ తాత కళ్లు తేలేశాడు. “ఓరి నాయనో! వద్దుగారు దిగారర్రా! ఆసులే! లేవండి, లేవండి!”

అందరూ ముక్కలు పడేశారు. ఆటకని ముందే తలొకరు పెట్టిన గుండీలు ఆయన ఒళ్లోకొచ్చాయి. తర్వాతి ఆటలో నాలుగూ తొమ్మిదీ. మళ్లీ తోశారు. మళ్లీ అంతా పరార్.

“మీరేనా ఇవాళ ముక్కలు తయారుచేసింది?” అన్నాడు బండి తోసేవాడు.

చేతిలోవి తిప్పి చూపిస్తే చాలు, మరుసటి ఆటలో ఎవరూ భయపడరు. కానీ ఇన్నేళ్లూ సంపాదించుకున్న పేరు అలాంటి ముక్కల్ని బయటపెట్టనివ్వలేదు. ఆయన వాటిని బోర్లాగానే పేకలో కలిపేశారు.

ఆఖరి ఆటకు రెండూ ఏడూ వచ్చాయి. అంతకన్నా హీనమైనవి పేకలోనే లేవు. దగ్గరున్నవన్నీ బల్లమీదికి నెట్టి, బావమరిది వైపు చూశారు. ఆడరా, ఒక్కసారి చూద్దామనరా అని కళ్లతోనే బతిమాలారు.

వాడు చాలాసేపు ముక్కల్నే చూశాడు. దగ్గాడు. తర్వాత ఇద్దరు రాజుల్నీ వెల్లకిలా పరిచాడు.

“చూశావా బావా! రాజుల జంట పారేస్తున్నా. నువ్వు ఆడితే ఎవడూ ఆడకూడదన్నావుగా. నేర్చుకున్నానా లేదా?”

“నేర్చుకున్నావురా,” అన్నారు వద్దుగారు.

గంట కొట్టారు. అందరికన్నా తక్కువ గుండీలు వాడివే. ఎవరి కంటా పడకుండా తన రెండు ముక్కల్నీ వద్దుగారు చొక్కా జేబులో కుక్కేసుకున్నారు.

మురుగు తోడే పంపు పాడై, అంతకుముందు వారమంతా తొట్టి మూత తెరవలేదు. తెరిచేసరికి అంచున నిలబడ్డవాళ్లకే కళ్లు మండాయి. మేస్త్రీ బావమరిది నడుముకు తాడు కట్టి, ప్రతిసారీ మాటవరసకు అడిగే మాట అడిగాడు. “వీడి బదులు దిగేవాళ్లెవరన్నా ఉన్నారా?”

ఎప్పుడూ ఎవరూ పలకని ప్రశ్న అది. వద్దుగారు తొట్టిలోకి చూశారు. తన వయసు, ఆ వాసన, కనిపించని అడుగు. ముక్కలు చూసినట్టే చూశారు. నోరు తెరవలేదు. వంగి తాడు కొస పట్టుకున్నారు.

కాసేపటికి తాడు వదులైంది. పిలిస్తే పలుకు లేదు. లాగి పడుకోబెట్టేసరికి వాడి వేలిగోళ్లు నీలంగా ఉన్నాయి. అద్దకం రంగేమోనని మేస్త్రీ గుడ్డతో తుడిచి చూశాడు. పోలేదు.

దినాలయ్యాక భార్య ఆయన చొక్కా ఉతకబోతూ జేబులోంచి ముక్కలు తీసింది. పేకాట ఆమెకు తెలియదు. తడిచేతిలో రెండూ ఏడూ పట్టుకుని వచ్చి నిలబడింది.

“ఆ రోజువేనా?”

“ఆ.”

“ఓడిపోయే ముక్కలేనా ఇవి?”

“వీటికంటే పనికిమాలినవి లేవు. అయినా ఆడాను.”

ఆమె ఆయన పక్కనే కూలబడి, భుజానికి తల ఆనించి ఏడ్చింది. “నువ్వు చెయ్యగలిగింది చేశావు. వాడి రాత అలా ఉంది,” అంది.

మేస్త్రీ అడిగిన మాట వద్దుగారు ఆమెకు చెప్పలేదు. ముక్కలు రెండూ ఆమె చేతిలోంచి తీసుకుని, చాపమీద బోర్లా పెట్టారు.